సిరా కోసం తెచ్చిన చింతపండు

అమ్మా,

ఓటేసి వచ్చిన ప్రతిసారీ, అడవిలోని తుపాకులవాళ్లు చూస్తే వేలు నరికేస్తారని, నువ్వు చింతపండుతో చర్మం ఊడేలా సిరా తోమేదానివి. నువ్వు పోయాక ఇవే మొదటి పంచాయతీ ఎన్నికలు. ఈసారి ఓటు కోసం తర్రెం ఊరి దాకా నడవలేదు, మన ఊరి బడిలోనే ఓట్లు వేశాం. అయినా నేనూ కొంగున చింతపండు కట్టుకునే వెళ్లాను. ఓటేసి బోరింగు దగ్గర వేలు తడుపుకుంటుంటే, సర్పంచికి నిలబడ్డ చిన్నమ్మ వచ్చి నా చేయి లాగింది.

“ఏందే, ఇంకా ఎవలకు భయపడుతున్నవ్? సూడనియ్ అందర్ని!”

సాయంత్రం ఓట్లు లెక్కపెట్టారు. చిన్నమ్మ గెలిచింది! మన ఆడవాళ్లంతా సిరా వేళ్లు పైకెత్తి, బడి ముందు డోలు దెబ్బకు ఆడారు.

ఆ చింతపండుతోనే అందరికీ చేపల పులుసు కాచాను.

“అచ్చం అక్క చేతి పులుసే” అంది మన సర్పంచి.