గోడలో ఆవు తల

మణుగూరు,
ఏప్రిల్ 12, 1984

అమ్మకు నిర్మల నమస్కారాలు. ఇక్కడ నేను, మీ అల్లుడుగారు, బాబు కులాసా. అక్కడ నువ్వు, నాన్న, చెల్లి కుసుమ కులాసా అని తలుస్తాను. ఎండలు మండుతున్నాయి, మధ్యాహ్నాలు నాన్నను పొలం పోనివ్వకు.

కుసుమకు చూసిన సంబంధం వాళ్ల ఇల్లు ఎలా ఉందో రాయమన్నావు. ఆదివారం చర్ల దాకా బస్సులో పడుతూ లేస్తూ వెళ్లొచ్చాం. అప్పటి నుంచి నాకు కుదురు లేదు. ఇది రాస్తూ కూడా లేచి గదిలో తిరుగుతున్నాను, పొయ్యి మీద పప్పు మాడింది.

ఇల్లు మాత్రం చూడాల్సిందే. అబ్బాయి తాతగారు కోస్తా నుంచి వచ్చి కట్టించారట. దూలాల చివర్లు చిలకల్లా చెక్కారు. కిటికీల పైన రంగు అద్దాలు. పిట్టగోడ మీద సున్నంతో చేసిన సింహాలు, ఒకదానికి మేస్త్రీ మీసాలు కూడా పెట్టాడు. నా సంగతి తెలుసుగా, వాళ్లు కాఫీ ఇస్తుంటే నేను గోడలు చూస్తున్నాను. "సంబంధం చూడ్డానికొచ్చావా, ఇల్లు కొనడానికొచ్చావా?" అని మీ అల్లుడుగారు గొణిగారు.

పెరటి గోడకు బయటివైపు రాతి ఆవు తల ఉంది. కనురెప్పలతో సహా చెక్కారు, నోట్లో రంధ్రం. ఎంత ముచ్చటపడ్డానో. లోపలికొచ్చి చూస్తే, సరిగ్గా అదే చోట గోడలో రాతి గిన్నె. దేనికో అర్థం కాలేదు.

ఇంతలో గోడ అవతల నుంచి, "అమ్మా, జర నీళ్లు పొయ్యి" అని ఒక ఆడమనిషి గొంతు. అడవి ఊళ్ల నుంచి ఇప్పపూవు అమ్మడానికి వచ్చిందట. అబ్బాయి తల్లి భారతమ్మగారు చెంబు నా చేతికిచ్చి, "ఆ గిన్నెలో పొయ్యమ్మా. వాళ్లు లోపలికి రానక్కర్లేదు, మనం బయటికి పోనక్కర్లేదు. అంతా మా మామగారి తెలివి" అని నవ్వారు.

పోశాను, నీళ్లు ఆవు నోట్లోంచి అవతలికి పోయాయి. అవతల గుటకలు వినపడుతున్నాయి, మనిషి కనపడదు. ఉండబట్టలేక, "నీ పేరేంది?" అని అడిగాను.  తాగడం ఆపి, "నేనేం ముట్టుకోలే అమ్మా" అంది.

కోప్పడకు. నిన్నూ నాన్ననూ అడక్కుండానే ఈ సంబంధం మాకొద్దని భారతమ్మగారితో అక్కడే చెప్పేశాను. మీ అల్లుడుగారు ఇప్పటికీ ముభావంగానే ఉన్నారు. అంత మాగాణి, ఒక్కడే కొడుకు, చేతికందిన సంబంధం కాలదన్నానని నువ్వూ అంటావు. మనం మాత్రం కూలికొచ్చే ముత్తక్కకు అరుగు మీద నుంచి దోసిట్లోకి నీళ్లు ఎత్తి పోయడం లేదా అనీ అంటావు. అదీ మానేద్దాం అమ్మా.

కుసుమను ఒక్కమాట అడుగు. తనకు ఇష్టమైతే నేనే వెళ్లి వాళ్ల కాళ్లావేళ్లా పడతాను. కానీ అబ్బాయి ఫోటో చూపించి అడక్కు. రేపటి నుంచి ఆ గోడ వెనక చెంబు పట్టుకుని నిలబడేది తనే అని చెప్పి అడుగు.

ఇట్లు,
నీ పెద్ద కూతురు
నిర్మల