వీధిలో ఎండ ఎవరిది?

టూరిన్, మార్చి 1925

పూజ్యురాలు ఫిలొమేనా అత్తయ్యకు కతెల్లో నమస్కారాలు.

మా కంపెనీ పాస్తా ఆరబెట్టే యంత్రం ఒకటి రైల్లో పంపించాను. లోపల వేడిగాలి తిరుగుతుంది. ఇక మీరు పొద్దున్నే మొహం పైకెత్తి, సముద్రం గాలా కొండ గాలా అని చూడక్కర్లేదు. తాతయ్య కాలం తాతయ్యతోనే పోయింది. పాస్తా ఆరేసే వాకిలి అమ్మేద్దాం. సినిమా హాలు కట్టేవాడు దొరికాడు. మీ సంతకం ఒక్కటే తక్కువ.

మీ మేలు కోరే
కతెల్లో

తా.క.: యంత్రం మీద ఫాదర్ గారి చేత పవిత్రజలం చల్లించకండి. లోపల కరెంటు ఉంది.

గ్రన్యానో, ఏప్రిల్

ఒరేయ్ కతెల్లో, అత్త ఆశీస్సులు.

యంత్రం చేరింది. ఫాదర్ గారు దూరం నుంచే చల్లారు.

సంతకం సంగతి తర్వాత. మన వ్యాపారం ఎలా మొదలైందో మరిచిపోయినట్టున్నావు. ఈ వీధికి ఎండ ఒక్కటే, పాస్తావాళ్లకీ ఉతికిన బట్టలకీ అదే కావాలి. ఒకరోజు మీ తాత కర్రల మీద పాస్తా ఆరేస్తే, ఈ ఇంటిపిల్ల తడి దుప్పటి తెచ్చి గాలికి అడ్డంగా కట్టింది. పాస్తా పులిసిపోయింది. తిడదామని మెట్లెక్కిన మనిషి దిగేసరికి పెళ్లి కుదిరింది. ఆ పిల్లే మీ నాయనమ్మ. వాకిలి ఆవిడది, కర్రలు ఆయనవి. పోయేదాకా ఆ ఎండ కోసం ఇద్దరూ పోట్లాడుకుంటూనే ఉన్నారు. నువ్వు అమ్మమంటున్నది ఆ వాకిలినే.

యంత్రం మాత్రం బంగారం. ఏం వేసినా మధ్యాహ్నానికి ఆరిపోతోంది.

మీ అత్త
ఫిలొమేనా

తా.క.: ఏళ్ల తరబడి నాతో మాటల్లేని ఎదురింటి రఫయేలా నిన్న కాఫీ పట్టుకొచ్చింది. నిన్ను తెగ దీవించింది.

టూరిన్, మే

అత్తయ్యకు నమస్కారాలు.

మీ ఉత్తరం మేనేజర్ గారికి చదివి వినిపించాను. ఆయన ఆనందం ఇంతా అంతా కాదు. ఆరినవి విరుగుతున్నాయా, రంగు మారుతున్నాయా అని అడుగుతున్నారు. ఒక పొట్లం పంపించండి.

కతెల్లో

గ్రన్యానో, మే

కతెల్లోకు ఆశీస్సులు.

విరగడమేమిట్రా? రంగు ఒక్కసారే మారింది. ఎర్రవీ తెల్లవీ కలిపి వేశాం. పొట్లం పంపాను, తిను.

ఫిలొమేనా

తా.క.: అన్నీ కాస్త కుంచించుకుపోతున్నాయి. రఫయేలా మొగుడు ఒక్కడే గొడవ చేస్తున్నాడు.

టూరిన్, జూన్

అత్తయ్యకు నమస్కారాలు.

ఎర్ర పాస్తా ఎప్పుడు మొదలెట్టారు? రఫయేలా మొగుడికి మన పాస్తా పొడవుతో ఏం పని?

పొట్లం వండుకున్నాం. మేనేజర్ గారు మళ్లీ మళ్లీ వడ్డించుకున్నారు. నేను మాత్రం మొదటి ముద్దకే ఆగిపోయాను. అచ్చం తాతయ్య పాస్తా. చిన్నప్పుడు ఆ కర్రల కింద పడుకుంటే వచ్చే గోధుమ వాసన. కళ్లనీళ్లు వచ్చాయి అత్తయ్యా. యంత్రం ఇంత పని చేస్తుందని నేనే అనుకోలేదు. పైనెల మేనేజర్ గారితో వస్తున్నాను, వాకిలి కాగితాలు కూడా తెస్తాను.

కతెల్లో

గ్రన్యానో, జూన్

నాయనా కతెల్లో, ఆశీస్సులు.

నువ్వు తిన్నది వాకిట్లో గాలికి ఆరిన పాస్తా. నీ యంత్రంలో ఆరుతున్నవి వీధివాళ్ల దుప్పట్లు, లంగాలు, రఫయేలా మొగుడి చొక్కాలు. బట్టలన్నీ లోపలికి పోయాయి, ఎండంతా మన కర్రలకే మిగిలింది. మీ తాత బతికినన్నాళ్లూ కోరుకున్నది అదే. అందుకే అంత బాగా కుదిరింది.

సంతకం పెట్టను. నీ కళ్లనీళ్లు యంత్రంలోంచి రాలేదు, ఈ వాకిట్లోంచి వచ్చాయి. మేనేజర్ గారిని తప్పకుండా తీసుకురా. పక్కవీధి వాళ్లకి కూడా ఒక యంత్రం కావాలట.

ఫిలొమేనా

తా.క.: మా అమ్మ దుప్పటి మాత్రం యంత్రంలో వేయను. ఆదివారం ఉతికి, ఆవిడ కట్టిన చోటే గాలికి అడ్డంగా కడతాను. దాని వెనకాల కర్ర మీది పాస్తా కాస్త పులుస్తుంది. దాన్ని అమ్మను, నేనే వండుకుంటాను.