రోజుకు ముప్పై రెండు పేజీలు

జూన్ 1, ఆదివారం. మధ్యాహ్నం 1.00
బోధన్‌లో మా చర్చి చదువరుల గుంపుకు ఈసారి పుస్తకం ఎంచే పని నాది! రిటైర్డ్ నర్సు శారమ్మ అత్త గుంపుకు పెద్ద. ఆరాధన అయ్యాక అందరి ముందూ చెప్పేసింది. స్కిజోఫ్రీనియా మీద పేరుమోసిన పాత పుస్తకం చదువుదామని అడిగింది నేనే. ఎందుకో మాత్రం చెప్పలేదు. మా బెన్‌హర్ అన్నకు ఎనిమిదేళ్లుగా ఆ జబ్బే. ఎవరైనా అడిగితే "నరాల బలహీనత" అంటాం. ఆ పేరు చర్చిలో ఒక్కసారైనా మామూలుగా పలకాలని, అన్న తల దించుకోకుండా అక్కడ కూర్చోవాలని నా కోరిక.

పోటీలో రెండు. ఇద్దరు పెద్ద డాక్టర్లవి, నేను పుట్టకముందువి. తెలుగు అనువాదాలే. లావుది 512 పేజీలు, సన్నది 140. మా నియమం: ఎంచేవాళ్లు పోటీలో ఉన్నవన్నీ అక్షరం వదలకుండా చదివి రావాలి. గడువు 22. రోజుకు 32 పేజీలు. ఇదెంత!

జూన్ 2. ఉదయం 5.10
లేచాను! టీ. పెన్సిల్. లావుదానితోనే మొదలు.
6.30: 11 పేజీలు. ముందుమాటే ఇంకా అవలేదు.
అన్న చూస్తే బాధపడతాడని రెండింటికీ పాత క్యాలెండరు అట్టలు వేసి కీర్తనల పుస్తకాల్లో కలిపేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

జూన్ 8
మిరుగు, అంటే మృగశిర కార్తె! ఈరోజు చేపలు తినని ఇల్లుంటుందా? కొనడం గంట, కడగడం గంట. తినడం ఎంతసేపో రాయను. తర్వాత నిద్ర. మిగిలినవి 641. రోజుకు 46 చదివితే సరిపోతుంది.

జూన్ 12
నేను పాఠాలు చెప్పే బడి తెరిచారు. ఎడపల్లి ఆటోలో చదువుదామని లావుది తీసుకెళ్లాను. పక్కన కూర్చున్న హన్మవ్వ అంది: "గింత లావు పుస్తకం ఒళ్లె పెట్టుకున్నవ్, జర నా సంచి గూడ పెట్టుకో బిడ్డా." పెట్టుకున్నాను. పుస్తకం కింద, సంచి పైన. పేజీలు: 0.

జూన్ 18, బుధవారం
ప్రార్థన కూటం. "ఎంతదాంక సదివినవే?" అంది అత్త.
"స్కిజోఫ్రీనియాతోని తల తిరుగుతున్నదత్తా! జర నా కోసం ప్రార్థన చెయ్యుండ్రి." తప్పించుకోవడానికి అలా అన్నాను.
అత్త వెంటనే ప్రార్థన మనవుల చిట్టీలో రాసేసింది. చిట్టీకి ఎక్కిందంటే ఆదివారం చదవాల్సిందే.

జూన్ 22, ఆదివారం
పాస్టరుగారు గట్టిగా చదివారు: "సహోదరి ఆశా. స్కిజోఫ్రీనియా. తల తిరుగుడు. స్వస్థత కొరకు." చర్చి మొత్తం మోకాళ్ల మీద! సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడు అన్న లేచాడు.
"అయ్యగారూ, గా బీమారి మా చెల్లెకు గాదు, నాకున్నది. గోలీలు ఏసుకుంటున్న, మంచిగనే ఉన్న. గామెది ఉత్త తల తిరుగుడే."
ముందు శారమ్మ అత్త నవ్వింది, తర్వాత అన్న, తర్వాత అందరూ. నేను మాత్రం ఏడ్చేశాను. సంతోషంతోనే.

అన్నతో కలిసి గుంపులో కూర్చున్నాక, పదకొండు పేజీలే చదివానని ఒప్పుకున్నాను. అన్న రెండూ చదివేశాడట! పొద్దుటి పాట కోసం కీర్తనల పుస్తకం అనుకుని తెరిస్తే లావుది వచ్చిందట.
"లావుదొద్దు," అన్నాడు. "అండ్ల మొత్తం డాక్టరే మాట్లాడుతుండు. సన్నదాంట్ల మాసొంటోళ్లు మాట్లాడుతుంటే డాక్టరు ఇంటుండు. గదే సదువుండ్రి."
అందరూ చేతులెత్తారు.

జూన్ 23. ఉదయం 5.10
మళ్లీ మొదలు! సన్నది, ఒకటో పేజీ. రోజుకు 5 పేజీలు, ఈసారి ఖాయం.
5.30: మూడో పేజీ. ఒకాయన తనకు వినిపించే గొంతుల గురించి డాక్టరుకు చెబుతున్నాడు. అన్న ఎదురుగా టీ తాగుతున్నాడు. ఎనిమిదేళ్లలో ఎప్పుడూ అడగనిది అడిగాను: "అన్నా, నీకు ఇనవడే గా మాటలు ఏమంటయి?"
అన్న చెప్పడం మొదలుపెట్టాడు. పుస్తకం మూసి పక్కన పెట్టాను.
ఈరోజు: 3 పేజీలు.