మూడో సోమవారం

ఫిబ్రవరి 2

ప్రియమైన అక్కా,

ఫోన్లో మనిద్దరం ఏడుపు తప్ప ఇంకేం మాట్లాడుకోవడం లేదు కనుక, నువ్వు చెప్పినట్టే ముఖ్యమైన సంగతులు కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నాను. నా దస్తూరీ చూసి నవ్వకు.

ముందు మా హాజరు ముచ్చట చెప్పాలి. పీహెచ్‌డీ అంటే ఎప్పుడు పడితే అప్పుడు వెళ్లొచ్చు, రావొచ్చు అనుకున్నాం కదా! వీసా మీద వచ్చినవాళ్లకి అదేం కుదరదు. ప్రతి సోమవారం పది నుంచి పన్నెండు లోపల పరిశోధన ఆఫీసుకి స్వయంగా వెళ్లి సంతకం పెట్టాలి. అక్కడ ఎర్ర కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ ఉంటుంది. నవ్వదు. కార్డు మీద ఫోటోనీ నా మొహాన్నీ ప్రతి వారం కొత్తగా పోల్చి చూస్తుంది. వారంలో నా ముక్కు మారిపోతుందా? సెలవు కావాలంటే ముందే గైడు సంతకం తీసుకోవాలి. చెప్పకుండా వరసగా మూడు సోమవారాలు మానేస్తే యూనివర్సిటీ వాళ్లు వీసా ఆఫీసుకి రాసేస్తారు. ఇక పెట్టె సర్దుకోవడమే. ఈ రూల్సన్నీ కలిపి నలభై పేజీల పుస్తకం వేశారు. నీకు సరదాగా ఉంటుందని మొత్తం పంపుతున్నాను.

నా పని తెలుసుగా. సిమెంటులో బూడిద కలిపి దిమ్మెలు పోయడం, ఇరవై ఎనిమిది రోజులు నీళ్ల తొట్టిలో ఉంచడం, తర్వాత యంత్రం కింద పెట్టి పగలగొట్టడం. ఎంత బరువుకి పగిలిందో రాసుకోవాలి. ఇక్కడ దీన్ని క్యూరింగ్ అంటారు. మన మేస్త్రీలు నీళ్లు పట్టడం అంటారు కదా, నాకు ఆ మాటే ఇష్టం. పసిబిడ్డకి పాలు పట్టినట్టు ఉంటుంది. మొదటి విడత దిమ్మెలు ఉండాల్సిన బలంలో సగానికే పగిలిపోయాయి. నా గైడైన ప్రొఫెసర్ "మళ్లీ పొయ్యి" అని చెప్పి నాలుగు నెలలు వేరే దేశం వెళ్లిపోయారు. పోస్తున్నాను.

ఇంతకీ, పోయిన ఉత్తరంలో డిపో మెకానిక్ గురించి నాలుగుసార్లు రాశావు. బస్సుల గురించి ఒక్కసారే రాశావు. ఏమిటి కథ?

నీ
బుడంకాయ

•

ఫిబ్రవరి 9

ప్రియమైన బుడంకాయా,

లెక్కపెట్టావన్నమాట. నాలుగు కాదు, అయిదు. సరిగ్గా చూడు.

అవునే, పెళ్లి చేసుకుంటున్నాం. ముప్పై ఏడేళ్లకి నాకు సిగ్గేమిటని నేనే అడిగేశాను. ఆయన ఇంజిను కింద పడుకుని ఉన్నాడు. "ఒక్క నిమిషం, ఈ బోల్టు బిగించి చెప్తా" అన్నాడు. బిగించాడు, బయటికి వచ్చాడు, చేతులు తుడుచుకున్నాడు, "సరే" అన్నాడు. అంతే. రిజిస్ట్రార్ ఆఫీసులో ఏప్రిల్ ఇరవై అయిదు. నా తరఫు సాక్షి సంతకం నీది. అమ్మా నాన్నా పోయాక నాకు మిగిలింది నువ్వొక్కదానివే. నువ్వు రాకపోతే నేను కలం ముట్టుకోను, ఆయన మళ్లీ ఇంజిను కిందకి వెళ్లి పడుకోవాల్సిందే.

నీ హాజరు గోల విని నవ్వొచ్చింది. పద్నాలుగేళ్లుగా డిపోలో సెలవుల గుమస్తాని. డ్రైవర్లు నన్ను సెలవులమ్మ అంటారు. నాకు చెప్తున్నావా రూల్సు? ఏ ఆఫీసులోనైనా జరిగేది ఒకటే. ముందు మనిషి వెళ్లిపోతాడు, కాగితం తర్వాత వస్తుంది, నేను దాని మీద "మంజూరు" అని రాస్తాను. ఇంతవరకు ఒక్కడి ఉద్యోగం పోలేదు. నువ్వూ అంతే. గైడు ఊళ్లో లేకపోతే మరీ మంచిది. సెలవు చీటీ ఆయన బల్ల మీద పెట్టి విమానం ఎక్కేయ్. వచ్చాక చూసుకుందువుగాని.

ఆ నలభై పేజీలు తీరిక దొరికితే చదువుతాను.

ప్రేమతో,
సెలవులమ్మ

•

మార్చి 20

ప్రియమైన అక్కా,

ఆలస్యానికి తిట్టకు. బావగారికి నమస్కారాలు. ఆ మాట రాయడం భలే బాగుంది, మళ్లీ రాస్తాను: బావగారికి నమస్కారాలు.

నీ సలహా పెళ్లికి వాడే ముందు ఒకసారి చిన్నగా పరీక్షించి చూద్దామనుకున్నాను. ప్రొఫెసర్ బల్ల మీద చీటీ పెట్టి, పది రోజులు స్నేహితులతో వేరే ఊరు వెళ్లొచ్చాను. అక్కడ ఒక గొప్ప వంతెన ఉంది. నది మీద వీణ తీగల్లా ఉక్కు తాళ్లు, పొద్దున్నే పొగమంచులో సగం వంతెన మాయమై, మిగతా సగం గాల్లో ఆగిపోయినట్టు కనిపిస్తుంది. ఎంతసేపు చూసినా తనివి తీరదు.

కానీ కొంప మునిగింది అక్కా. ఆ పది రోజుల్లో రెండు సోమవారాలు పోయాయి. బల్ల మీద చీటీ లెక్కలోకి రాదట. ఎర్ర కళ్లజోడు నా చేతికి హెచ్చరిక కాగితం ఇచ్చింది. ఇంకొక్కటి పోయి ఉంటే మూడోది అయ్యేది. ఇప్పుడు నాకు సెలవు అనే మాట ఎత్తడానికి కూడా మొహం లేదు. పెళ్లికి రాలేనేమో.

లేదా వచ్చేసి ఇక ఉండిపోవచ్చు. ఊరికే అంటున్నాలే. మన గది ఖాళీగానే ఉందా? నా మంచం అక్కడే ఉందా?

రెండో విడత దిమ్మెలు బాగానే ఉన్నాయి.

నీ చెల్లి

•

ఏప్రిల్ 11

నా బంగారు చెల్లీ,

మూడు వారాలు రాయలేదు. కోపం వచ్చి కాదు, సిగ్గేసి. నీ వీసా మీదకి తెచ్చింది నా తెలివితేటలే కదా. మీ బావతో చెప్పాను. ఆయన అన్నాడు: "మన డిపోలో తొమ్మిదింటికి డ్రైవరు రాకపోతే ఏమవుతుంది?" ఏముంది, ఎవరో ఒకరు వాడి ఇంటికి వెళ్లి తలుపు కొడతారు, జ్వరమో, తాగుడో, పెళ్లాంతో గొడవో అప్పుడే తెలిసిపోతుంది. "అందుకే నీ కాగితం ఆలస్యంగా వచ్చినా నడుస్తుంది. నీ చెల్లి ఇల్లు తెలిసినవాళ్లు అక్కడ ఎవరున్నారు?" అన్నాడు. బోల్టులు బిగించే మనిషికి తట్టింది, నాకు తట్టలేదు.

అప్పుడు కూర్చుని ఆ నలభై పేజీలూ చదివాను. నిఘంటువు పక్కన పెట్టుకుని, మూడు రోజులు. రాసుకో. ఏడో పేజీ: ఏడాదికి నలభై రోజుల సెలవు నీ హక్కు, ఎవరి దయా కాదు. పదకొండో పేజీ: మూడు వారాల ముందు అడగాలి. పన్నెండో పేజీ: మొదటి గైడు ఊళ్లో లేకపోతే రెండో గైడు సంతకం చాలు. పదహారు: మంజూరైన సెలవులో వచ్చే సోమవారాలు హాజరుతో సమానం. పందొమ్మిది: ఒకసారి హెచ్చరిక వచ్చినంత మాత్రాన సెలవు ఆపకూడదు. అందుకని పెళ్లి మే పదహారుకి మార్చాను. రిజిస్ట్రార్ గుమస్తా గొణిగాడు. "నేనూ గుమస్తానే నాయనా" అన్నాను.

ఇక అసలు సంగతి. పద్నాలుగేళ్లుగా సెలవు కారణాలు చదువుతున్నాను. ఒకే డ్రైవరు వాళ్ల పెదనాన్నని మూడుసార్లు చంపితే పట్టుకున్నదాన్ని. నువ్వు ఏ ఊరు వెళ్లినా ముందు అక్కడ ఏం తిన్నావో రాస్తావు, తర్వాతే మిగతాది. ఈ వంతెన దగ్గర పది రోజులున్నావు, ఒక్క మెతుకు తినలేదు. స్నేహితులతో వెళ్లావు, ఒక్కరు కూడా నోరు విప్పలేదు.

ఎక్కడికి వెళ్లావే? తిట్టను. చెప్పు.

నీ మంచం మీద మీ బావ స్పేర్ పార్టులు పెట్టాడు. తీయించాను.

నీ అక్క

•

ఏప్రిల్ 22

ప్రియమైన అక్కా,

ఎక్కడికీ వెళ్లలేదు.

వంతెన బొమ్మ మా కారిడార్‌లో క్యాలెండర్ మీద ఉంది. చీటీ కూడా పెట్టలేదు. రెండో విడత దిమ్మెలు కూడా సగానికే పగిలాయి. ఆ రోజు గదికి వచ్చి బూట్లతోనే పడుకున్నాను. లేవలేదు. పది రోజులు. బిస్కెట్లు, కుళాయి నీళ్లు. ప్రొఫెసర్‌కి ఏం చెప్పాలో తెలియలేదు, నీకు ఏం చెప్పాలో అసలే తెలియలేదు. నువ్వు నన్ను చదివించడానికే పెళ్లి వాయిదా వేశావని నాకు తెలియదనుకున్నావా? అయిదో రోజున ఇంటికి టికెట్ కొన్నాను. రావడానికి మాత్రమే. పెళ్లి పేరు చెప్పి వచ్చేస్తే, తర్వాత ఎవరూ ఏమీ అడగరనుకున్నాను.

రెండో సోమవారం మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. తీయలేదు. మళ్లీ కొట్టారు. తీస్తే ఎర్ర కళ్లజోడు. నాలుగు అంతస్తులు ఎక్కి ఆయాసపడుతోంది. "రెండు వారాలుగా సంతకాల పుస్తకంలో నీ గడి ఖాళీగా ఉంది. పోయిన వారం రాసిన మెయిలుకి జవాబు లేదు. బతికే ఉన్నావా లేదా చూద్దామని వచ్చాను" అంది. హెచ్చరిక కాగితం చేతిలో పెట్టి, నా మొహం చూసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. కెటిల్ ఎక్కడుందని అడిగి తనే టీ పెట్టింది. నేను తాగాను. ఏమైందని ఆవిడ అడగలేదు. వెళ్లేటప్పుడు "వచ్చే సోమవారం పదింటికి" అంది. వెళ్లాను. ఆ తర్వాత ప్రతి సోమవారం వెళ్లాను. కానీ దిమ్మెల మాట ఎవరికీ చెప్పలేదు. పగిలినవి మంచం కిందే దాచాను.

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను, ఫోన్ లేకుండానే. మర్నాడు పన్నెండో పేజీ పట్టుకుని రెండో గైడు దగ్గరికి వెళ్లాను. పొట్టిగా ఉంటుంది, గట్టిగా మాట్లాడుతుంది. సెలవు సంగతి అడగబోయి దిమ్మెల సంగతి మొత్తం కక్కేశాను. "పద" అని లేచి నేరుగా తొట్టి దగ్గరికి నడిచి, చొక్కా చెయ్యి పైకి మడిచి నీళ్లలో మోచేతి దాకా పెట్టి, వెంటనే లాగేసుకుంది. "ఇందులో ఎప్పుడైనా చెయ్యి పెట్టావా?" అంది.

లేదక్కా. ఎప్పుడూ రబ్బరు తొడుగులతోనే. ఆ గది అంతా చల్లగానే ఉంటుంది, నీళ్లూ అలాగే ఉంటాయనుకున్నాను. మీటరు ఇరవై డిగ్రీలు చూపించేది, నేను రోజూ శ్రద్ధగా ఇరవై అని రాసుకునేదాన్ని. హీటరు ఎప్పుడో చచ్చింది, మీటరు ముల్లు ఇరవై దగ్గరే ఇరుక్కుపోయింది. నీళ్లు ఆరు డిగ్రీలున్నాయి. ఆ చలికి సిమెంటు ఎక్కడ గట్టిపడుతుంది! "నీ మిశ్రమానికి ఏమీ కాలేదు, మొద్దూ. ఇన్ని వారాలు ఒక్కదానివే మోశావా?" అంది. తిడుతుంటే ఇంత హాయిగా ఉంటుందని నాకు తెలియదు.

ఆ రోజే హీటరు మార్చారు. ఆ సాయంత్రమే మూడో విడత పోశాం. ఏడో రోజున పరీక్షకని వేరుగా పోసిన మూడు దిమ్మెలు నిన్న పగలగొట్టాం. మొదటిది పగలదే! యంత్రం మూలుగుతోంది, ముల్లు పైకి పోతూనే ఉంది, నేను కళ్లు మూసుకున్నాను. గైడు నా భుజం పట్టుకుని "చూడు, చూడు" అని అరుస్తోంది. పాత విడతలు ఇరవై ఎనిమిది రోజులకి మోసిన దానికంటే ఇది ఏడు రోజులకే ఎక్కువ మోసింది. మిగిలినవి మే పన్నెండున పగలగొడతాం. టికెట్ తేదీ మార్పించాను, పదమూడున నా విమానం.

ఇవాళ సెలవు ఫారం ఇచ్చాను. గైడు సంతకం ముందే తీసుకున్నాను. ఎర్ర కళ్లజోడు ముందు కూర్చుని ఒక్కో గడీ నింపాను. కారణం: అక్క పెళ్లి, సాక్షిని నేనే. వెళ్లే తేదీ: మే 13. ఆఖరి గడి దగ్గర కలం ఆగింది. "తిరిగి చేరే తేదీ". నా టికెట్‌లో ఆ తేదీ లేదు కదా. ఆవిడ తొందరపెట్టలేదు. వెనక వరసలో ఉన్న కుర్రాళ్లు దగ్గుతున్నారు. నేను ఫోన్ తీసి, అక్కడికక్కడే తిరుగు టికెట్ కొన్నాను. అప్పుడు రాశాను: మే 25. ఆవిడ ముద్ర వేసి, "అది సోమవారం" అంది.

తెలుసన్నాను.

నీ చెల్లి