లచ్చయ్య హాజరు

మంగళవారం, కరీంనగర్

ఆస్పత్రి సాఫ్ట్‌వేర్‌లో హాజరు, మెసేజ్‌లు వేర్వేరు సర్వీసులు. ఒకటి ఆగినా ఇంకొకటి నడవాలని అలా విడదీసింది నేనే.

పొద్దున సుల్తానాబాద్ నుంచి రాజవ్వ ఫోన్ చేసింది. "బిడ్డా, మా ఆయన లచ్చయ్య పోయి నెలాయె. డయాలసిస్‌కు రమ్మని ఇంకా మెసేజులు వస్తున్నయ్. జర ఆపుండ్రి."

చావు కబురు మెసేజ్ సర్వీసుకు చేరలేదనుకున్నాను. క్షమించమని చెప్పి, మెసేజ్‌ల జాబితాలోంచి ఆమె నంబర్ తీసేశాను.

సాయంత్రం మళ్లీ చేసింది.

"గిప్పుడు 'వచ్చినందుకు ధన్యవాదాలు' అని వచ్చింది బిడ్డా. ఆయన వచ్చిండా?"

"లేదవ్వా, కంప్యూటర్ తప్పు" అన్నాను. తీసేసిన నంబర్‌కు మెసేజ్ ఎలా వెళ్లిందో అర్థం కాక, ఇవాళ్టి హాజరు పట్టీ తెరిచాను. లచ్చయ్య, మూడో మంచం, నాలుగు గంటల డయాలసిస్. నర్సును అడిగితే ఆ మంచం పొద్దుటి నుంచీ ఖాళీయే అంది.

రాజవ్వకు చెప్పింది అబద్ధం కాకూడదని ఆ వరుస చెరిపేద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు. ఒకవేళ ఆయన నిజంగానే వచ్చి ఉంటే...