ఆరున్నొక్కటి

అక్కా,

ఈ కవరు బావ చేతికే ఇచ్చి పంపుతున్నాను. నీ కుట్టు డిజైన్ల పుస్తకంలో పెట్టాను. ఆయన విప్పి చూసే రకం కాదు. ఫోన్లో చెప్పడానికి ధైర్యం చాలలేదు. గోడలకి చెవులుండటం పాతమాట, ఇప్పుడు ఫోన్లకీ ఉన్నాయి.

మా ఆఫీసు మెట్ల దగ్గర మేయర్ల పేర్ల బోర్డు గురించి నువ్వూ వినే ఉంటావు. మొదటి మేయరు నుంచి ఇప్పటి పద్నాలుగో మేయరు దాకా అందరూ ఉన్నారు. అంకెల్లో మాత్రం ఏడు లేదు. 6 తర్వాత 6-1 అని ఉంది, దాని కింద 8. ఎవడో వీడియో తీసి నెట్లో పెట్టాడు. అంతే, ఊరంతా లెక్కల మాస్టార్లయిపోయారు. అసలైన ఏడో మేయర్ని దాచేశారట. పద్నాలుగంటే రెండు ఏడులట. 6-1 అంటే అరవై ఒకటో రోజట, ఆ రోజుతో ఈ మేయరు కథ సరి అట. ఎలా సరి అని ఎవరూ చెప్పరు, కింద కత్తి బొమ్మలు పెడతారు. ఆయన కుర్చీ ఎక్కి వచ్చే సోమవారానికి అరవై ఒక్క రోజులు. ఆయన కారు నడిపేది బావ. నాకు అన్నం సయించడం లేదు.

అక్కా, అందులో రహస్యం నేనే.

పెయింటరుకి ఫోన్లో జాబితా చదివింది నేను. ఉతికిన బట్టలు లెక్కపెట్టేటప్పుడు అమ్మ మనల్ని ఏడు అననిచ్చేదా? "ఏడు అంటే ఏడుపే, ఆరున్నొక్కటి అను" అని నెత్తిన మొట్టేది. నలభై ఏళ్లొచ్చినా ఆ మొట్టికాయ దిగలేదు. "ఐదు, ఆరు, ఆరున్నొక్కటి, ఎనిమిది" అని చదివేశాను. అతనా మాట ఎన్నడూ వినలేదట. ఆరు వేసి, గీత గీసి, ఒకటి వేశాడు.

"ఈ ఘనకార్యం ఎవరిది?" అని సూపరింటెండెంటు గద్దించగానే నా వేలు పెయింటరు వైపు తిరిగింది. నిన్న అతన్ని షాపు ముందు ఆపి, ఎవరు రాయించారో చెప్పమని చొక్కా చింపారు. అతను నా పేరు చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను. బోర్డు మీద పేపరు అంటిస్తే, ఎందుకు కప్పారని ఇంకో వీడియో వచ్చింది.

నిజం చెబితే ఉద్యోగం ఊడుతుంది. అందుకే అడుగుతున్నాను, సోమవారం బావకి జ్వరమని చెప్పించు. నీ కాళ్లు పట్టుకుంటాను.

నీ పిరికి చెల్లి

పిచ్చిదానా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మామూలప్పుడైతే పడీపడీ నవ్వేదాన్ని.

ఆయన సెలవు పెట్టడు. నిన్ననే అడిగాను. "నేను పోకపోతే ఇంకొకడు నడుపుతాడు. వాడికి మాత్రం పెళ్లాం పిల్లలు లేరా?" అన్నాడు.

తప్పంతా నీదే అనుకుంటున్నావు. నా సంగతి విను. మూడు రోజుల కిందట ఆ బోర్డు వీడియో కింద నేనూ రాశాను. "బాబూ, కోపముంటే మేయర్ని తిట్టుకోండి. ఆ తెల్ల కారు నడిపేది మా ఆయన. రోజూ మార్కెట్ వెనక సందులోంచే వస్తాడు. ఆ కారు జోలికి పోకండి" అని. బతిమాలుతున్నాననుకున్నాను. వాళ్లకి కారూ దారీ తెలియవే, నేనే చెప్పాను. ఇవాళ చూస్తే నా మాటలు వేలమంది పంచుకున్నారు, సందు ఫోటోతో సహా. తీసేశాను. తీసేసిందంటే నిజమేనని ఇంకా ఎక్కువ పంచుతున్నారు.

ఉద్యోగం పోతే పోనీ. రేపు పదింటికి మీ ఆఫీసు గేటు దగ్గర ఉంటాను. ముందు నీ తప్పు మీ సూపరింటెండెంటుకి, పెయింటరు ఎదురుగా చెప్పు. తర్వాత ఇద్దరం పోలీసుల దగ్గరికి వెళ్లి నా తప్పు చెబుదాం. జనం నమ్మకపోయినా కనీసం పోలీసులు కారు దారి మారుస్తారు.

ఈ కాగితం కూడా ఆయనే తెచ్చిస్తాడు, ఈసారి సంగతంతా తెలిసి. ఇంకా చెప్పలేదు, ఇది ముగించగానే చెబుతాను. వరండాలో యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఇవాళ సందులో ఎవరో ఇద్దరు ఆగి తన కారుకి ఫోటోలు తీసుకున్నారట. "మన బండికి కూడా అభిమానులున్నారే" అని మురిసిపోతున్నాడు.

అక్క