పైకి వెళ్ళి అడగడం

ఫిబ్రవరి 10, సోమవారం

పార్లమెంటు కమిటీ పిలిచింది. మా నీళ్ళ బోర్డు ఆ మూతపడ్డ నూలు మిల్లు స్థలాన్ని వేలంలో రెండింతల ధరకి ఎందుకు కొన్నదో వచ్చి చెప్పాలట. వచ్చే మంగళవారం హియరింగ్. టీవీలో లైవ్.

వేలం రోజు కంప్యూటర్ ముందు కూర్చుని బటన్ నొక్కింది నేనే. పొద్దున్నుంచి ఆఫీసులో అందరూ నన్ను అదోలా చూస్తున్నారు. ప్యూన్ కూడా టీ పెట్టి, అయ్యో పాపం అన్నట్టు తల పంకించి పోయాడు.

నా తప్పేముంది? మా ఎండీ మేడమ్ సంతకం పెట్టిచ్చిన లిమిట్ లోపలే ఉన్నాను. ఆన్‌లైన్ వేలంలో పేర్లుండవు, నంబర్లే. మాది నాలుగు. అవతల ఏడో నంబరు ఎవడో గానీ జలగలా పట్టుకున్నాడు. మిగతావాళ్ళంతా తప్పుకున్నా వాడు వదల్లేదు. నేను పెంచితే వాడూ పెంచాడు. చివరికి గెలిచాను. ఆ రోజు అందరూ చప్పట్లు కూడా కొట్టారు, దొంగమొహాలు.

ఫిబ్రవరి 11, మంగళవారం

పేపర్లో మా మీద వార్త. హెడ్డింగ్ 'నీళ్ళ బోర్డులో నోట్ల వరద'. మిల్లు ఓనరుతో లాలూచీ అని లోపల రాశారు. ఆ ఓనరు నల్లగా ఉంటాడో తెల్లగా ఉంటాడో కూడా నాకు తెలీదు.

ఫిబ్రవరి 12, బుధవారం

ఇవాళ కాన్ఫరెన్స్ రూమ్‌లో రిహార్సల్. మా ఎండీ గారిని వెనకాల అందరూ ఇస్త్రీ మేడమ్ అంటారు. చీర మడతా నలగదు, ముఖంలో గీతా కదలదు. ఎవరినీ మెచ్చుకోవడం చూడలేదు, తిట్టడం చూడలేదు. నాకు ఆవిడంటే భయం. భయం కింద ఇంకేదో కూడా ఉంది గానీ ఇప్పుడు దాని సంగతి ఎందుకు.

కమిటీ ముందు పెద్దాఫీసర్లు ఎలా మాట్లాడతారో ఇన్నాళ్ళకి తెలిసింది. వాళ్ళు ముందు వరసలో కూర్చుంటారు. మాలాంటివాళ్ళం వెనక వరసలో. ప్రశ్న పడగానే మేం చీటీ రాసి ముందుకి అందించాలి, వాళ్ళు చూసి చదవాలి. ఏమీ తోచకపోతే, పరిశీలించి రాతపూర్వకంగా సమర్పిస్తాం అనాలి. ఈ మాట మా బోర్డు లాయరుగారు ఒక్క పూటలో ఎన్నిసార్లు అన్నాడో, నాకు తల తిరిగింది.

తర్వాత ఆయన అసలు సంగతికి వచ్చాడు. మరీ నిలదీస్తే ఒక దారుందట. ఆపరేటర్ ఉత్సాహం ఎక్కువై పెంచుకుంటూ పోయింది అనొచ్చట. ఆపరేటర్ అంటే నేను. నేను అక్కడే ఉన్నాను, ఆయనకి రెండు కుర్చీల అవతల. మనిషిననుకున్నాడో, బీరువా అనుకున్నాడో.

మేడమ్ ఔననలేదు, కాదనలేదు. నా ఉద్యోగం పోతే మా ఆయన ఒక్కడి జీతంతో ఇల్లు ఎలా గడుస్తుంది? ఉద్యోగం పోవడం ఒకెత్తు. డబ్బు తిందన్న పేరు ఇంకో ఎత్తు.

ఫిబ్రవరి 15, శనివారం

అత్తయ్య పుట్టినరోజు. ఆవిడకి ఉక్క పడదని టేబుల్ ఫ్యాన్ తెచ్చాను. అరగంట తర్వాత మా ఆయన వచ్చాడు, చంకలో అట్టపెట్టె. అదే కంపెనీ, అదే రంగు. సర్‌ప్రైజ్ అట.

అత్తయ్య రెండూ చెరో పక్క పెట్టించుకుని మధ్యలో కూర్చుంది. ఒకే ఇంట్లో ఉంటారు, ఒకరినొకరు అడిగి చావరేం, నోళ్ళు పడిపోయాయా అని ఇద్దరికీ చీవాట్లు పెట్టింది. మా ఆయన నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

ఎందుకంటే నాకు ఏడో నంబరు గుర్తొచ్చాడు. అంత మొండిగా పెంచాలంటే సొంత డబ్బు కాకూడదు. మాలాగా ఎవరో.

ఫిబ్రవరి 17, సోమవారం. ఉదయం

మా పై అంతస్తులో బోర్డు ఉద్యోగుల పెన్షన్ ట్రస్టు ఉంది, ఆ డబ్బుతో వాళ్ళూ స్థలాలు కొంటుంటారు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ వెళ్ళలేదు. ఇవాళ లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లెక్కి పోయాను.

ట్రస్టు ఆఫీసర్ పంటినొప్పితో బుగ్గ పట్టుకుని కూర్చున్నాడు. మిల్లు స్థలం మీరూ పాడారా అని ముఖానే అడిగేశాను. మిల్లూ లేదు గిల్లూ లేదన్నాడు. వెనక సందులో ఒక జాగా కోసం పాడామని, అద్దెలు వస్తాయని ఆశపడ్డామని, నాలుగో నంబరు దరిద్రుడెవడో దక్కనివ్వలేదని, వాడి చెయ్యి విరగ అని చెప్పాడు.

నాలుగో నంబరు దరిద్రుణ్ణి నేనేనన్నాను. ఆయన బుగ్గ మీంచి చెయ్యి తీసేశాడు.

వేలం స్క్రీన్ మీద స్థలానికీ నంబరే, ఆ మిల్లుకేమో రెండు గేట్లు. మా కాగితాల్లో మెయిన్ రోడ్డు గేటు అడ్రసు. వాళ్ళ కాగితాల్లో వెనక సందు అడ్రసు. వేలం రహస్యం కాబట్టి ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఒక బిల్డింగ్‌లో పైనా కిందా కూర్చుని ఒకళ్ళ మీద ఒకళ్ళు పాడుకున్నాం. లాలూచీ కాదు, వట్టి తెలివితక్కువతనం.

ఇంకోటి కూడా ఉంది. ఆ ట్రస్టుకి చైర్మన్ మా మేడమే. రెండు లిమిట్ల మీదా సంతకం ఆవిడదే.

మధ్యాహ్నం

మేడమ్‌కి చెప్పేశాను. ఫ్యాన్ల గొడవతో సహా. మొత్తం విని, ఇంకెవరికి తెలుసు అంది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. భోంచేశావా అంది.

లాయరుగారికి కబురు వెళ్ళింది. వచ్చీ రాగానే వద్దంటే వద్దన్నాడు. నంబర్ల వెనక పేర్లు వేలం కంపెనీ బయటపెట్టదట. చెప్పకపోతే మహా అయితే ఆపరేటర్ మీద యాక్షన్‌తో సరి. చెప్తే మేడమ్ కుర్చీ ఉండదు, ఊరంతా నవ్వుతుంది కూడా. ఇదీ నా ముందే. నాకు బీరువాగా అలవాటైపోయింది. మేడమ్ ఆలోచిస్తానంది.

ఫిబ్రవరి 18, మంగళవారం. ఉదయం 6

నేనా, ఆవిడా. ఆవిడ స్థానంలో నేనుంటే? ఏమో, నా మీద నాకంత నమ్మకం లేదు.

సాయంత్రం

బట్టలు కూడా మార్చుకోలేదు. ముందు ఇది రాయాలి.

కమిటీ చైర్‌పర్సన్ ఒకప్పుడు నర్సట. అరుస్తుందనుకున్నాను. ఎక్కడ నొప్పి అని అడిగినంత మెల్లగా అడిగింది, ఏడో నంబరు ఎవరు, మీరెందుకు ఆగలేదు అని.

లాయరుగారు చీటీ రాసి నాకిచ్చాడు. ముందుకి అందించాల్సింది నేనే కదా. ఆపరేటర్ అత్యుత్సాహం, వివరాలు రాతపూర్వకంగా, అని ఉంది. చించి పారేద్దామనిపించింది. కానీ అందించాను. నా మెడకి తాడు నా చేత్తోనే.

మేడమ్ చదివింది. నాలుగు మడతలు పెట్టింది. మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టింది, టేబుల్ మీద తడి అంటకుండా. మైక్ దగ్గరకి జరిగింది.

ఏడో నంబరు కూడా మేమేనండీ, అంది.

రెండు లిమిట్ల మీదా సంతకం తనదేనని, రెండు అడ్రసులూ ఒకే స్థలానివని చూసుకోలేదని, తప్పు తనదని చెప్పింది. బటన్ నొక్కిన ఆఫీసర్ తనిచ్చిన లిమిట్ దాటలేదంది. నిజం కనిపెట్టింది కూడా ఆ అమ్మాయేనని, తన వెనకే కూర్చుందని చెప్పింది. కెమెరా నా మీదకి తిరిగింది. ముక్కు ఎగబీలుస్తున్నాను అప్పటికే.

సభ్యులు పగలబడి నవ్వారు. జోకా అని అడిగాడొకాయన. జోకైతే బాగుండేదంది మేడమ్. చైర్‌పర్సన్ మాత్రం నవ్వలేదు. మళ్ళీ ఇలా జరక్కుండా ఏం చేయాలి అని అడిగింది. పైకి వెళ్ళి అడగాలి, అంది మేడమ్. చైర్‌పర్సన్ కళ్ళజోడు పెట్టుకుని ఆ మాట రాసుకుంది. తర్వాత, తప్పు నాది అన్న మాట ఈ గదిలో విన్న గుర్తు లేదంది.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య టీవీ ముందే ఉంది. దేశమంతా చూస్తుంటే ఆ జుట్టేంటని ముందు నన్ను తిట్టింది. తర్వాత మేడమ్ గురించి, ఆవిడ కడుపు చల్లగా ఉండాలి అని లోపలికి పోయింది. నేను బాత్రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. అంత మనిషి కింద పనిచేశానన్న గర్వంతో.

మార్చి 3, సోమవారం

రిపోర్ట్ వచ్చింది. అవినీతి లేదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉంది అని. నా మీద ఒక్క ముక్క లేదు. మేడమ్ రాజీనామా ఇచ్చేసింది. లాయరుగారు మొహం మాడ్చుకుని తిరుగుతున్నాడు.

వెళ్ళేముందు ఆవిడ పై అంతస్తుకి వెళ్ళి ట్రస్టు ఆఫీసర్‌తో టీ తాగొచ్చిందట. నేను గేటు దాకా వెళ్ళాను. ఎన్నో అనుకుని వెళ్ళి, ఆవిడ చేతి సంచి మాత్రం అందుకున్నాను. ఆవిడే అడిగింది, మీ అత్తగారు చివరికి ఏ ఫ్యాన్ ఉంచుకున్నారని. రెండూనండీ అన్నాను. మంచి పని చేశారంది. చీర మడత చెక్కు చెదరలేదు.

మే 6, మంగళవారం

మేడమ్ ఫోన్. ఉండడానికి చిన్న ఫ్లాటొకటి చూసుకుందట. మనవాళ్ళెవరైనా అదే చూస్తున్నారేమో కాస్త కనుక్కోమంది.

పైకి వెళ్ళి అడిగొచ్చాను. ఎవరూ చూడట్లేదు.